బాలింత కాలిలో రక్తం గడ్డకట్టినప్పుడు: నా అనుభవం

కాన్పు సుఖంగా జరిగి తల్లీబిడ్డా ఇల్లు చేరితే గండం గడిచినట్టేనని మా వైపు అందరూ అనుకుంటారు. రక్తం గడ్డకట్టే జబ్బు విషయంలో మాత్రం ఆ లెక్క తలకిందులవుతుంది. రోజువారీగా చూస్తే, కడుపుతో ఉన్న నెలల కంటే కాన్పు తరవాతి ఆరు వారాల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ, అందులోనూ మొదటి రెండు మూడు వారాల్లో మరీ ఎక్కువ. నా ఎడమ తొడలోని పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరేదాకా ఈ సంగతి నాకు గానీ, నన్ను కంటికి రెప్పలా చూసుకున్న మా ఇంటివాళ్లకు గానీ తెలియదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో బాలింతను సాకే పద్ధతిలో ఎంతో ప్రేమ, ఓపిక ఉన్నాయి. అయితే మంచం దిగనివ్వకపోవడం, నీళ్లు తాగనివ్వకపోవడం అనే రెండు అలవాట్లు సరిగ్గా ఈ ప్రమాదం ముదిరి ఉండే వారాల్లోనే వచ్చి పడుతున్నాయి. ఆ రెండింటినీ మార్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను కాబట్టే నాకు జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

నేను చిత్తూరులో ఉపాధ్యాయురాలిని. నాకిది తొలి కాన్పు. తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. రాత్రంతా నొప్పులు పడ్డాక తెల్లవారుజామున బిడ్డ గుండె వేగం పడిపోతోందని చెప్పి అత్యవసరంగా సిజేరియన్ చేశారు. రక్తం ఎక్కువగా పోవడంతో ఎక్కించాల్సి వచ్చింది. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, కుట్లు చక్కగా మానుతున్నాయి, కాబట్టి ఇంటికి పంపించారు. డిశ్చార్జి కాగితంలో ఐరన్ మాత్రలు, కుట్లు చూపించుకోవలసిన తేదీ, బిడ్డకు వేయించాల్సిన టీకాలు ఉన్నాయి. కాళ్ల గురించి, ఊపిరి గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. అత్యవసర సిజేరియన్, ఎక్కువ రక్తస్రావం, రక్తం ఎక్కించడం, గర్భంలో బాగా పెరిగిన బరువు, ఇవన్నీ ఒక్కొక్కటిగా గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచేవేనని, నాలో అవన్నీ ఒకేసారి చేరాయని తరవాత తెలిసింది. మామూలు కాన్పుతో పోలిస్తే సిజేరియన్ తరవాత ఈ ప్రమాదం సుమారు నాలుగు రెట్లు ఉంటుందని వైద్యులు లెక్కగట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఇది ఎక్కడో ఒకరికి సంబంధించిన విషయం కాదు.

ఆసుపత్రి నుంచి పాకాల దగ్గర ఉన్న మా పుట్టింటికి వెళ్లాను. రోహిణి కార్తె ఎండలు. గాలి తగలకూడదని కిటికీలు మూసిన గదిలో మంచం వేశారు. చెవులకు గుడ్డ కట్టారు. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు, పొద్దున్నే బాలింతలకు పెట్టే కాయం మందు ముద్ద, ఇదీ పథ్యం. అన్నం తిన్నాక చిన్న గ్లాసుతో వేడినీళ్లు ఇచ్చేవారు, అంతే. ఇంకాసిని అడిగితే మా అవ్వ, “నీళ్లెక్కువ తాగితే కుట్లు చీము పడతాయి, బిడ్డకు జలుబు చేస్తాది, దప్పికైతే నోరు తడుపుకో చాలు” అనేది. పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజూ ఎంత నీరు పోతుందో, ఆ ఉక్కలో చెమట రూపంలో ఇంకెంత పోతుందో ఎవరూ ఆలోచించలేదు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకొచ్చి నా పక్కన పడుకోబెట్టేవారు, తిరిగి తీసుకెళ్లేవారు. మరుగుదొడ్డికి తప్ప నేను లేవవలసిన పనే ఉండేది కాదు.

మొదట ఎడమ పిక్కలో నరం పట్టేసినట్టు ఉండేది. పడుకుని ఉండడం వల్లే అనుకున్నాం. తరవాత ఆ నొప్పి మోకాలి వెనక్కి, అక్కణ్ణుంచి తొడ లోపలి వైపుకి పాకింది. పురిటి స్నానం నాడు పీట మీద కూర్చోవడం కష్టమైంది. ఆ సాయంత్రం అమ్మ నా కాళ్లకు పసుపు రాస్తూ ఒక విషయం గమనించింది. కుడి కాలి పట్టీ ఎప్పటిలా చీలమండ మీద వదులుగా జారుతోంది, ఎడమ కాలి పట్టీ మాత్రం చర్మంలోకి దిగబడి చుట్టూ గాడి పెట్టింది. కొక్కెం ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. ఆ కాలు తాకితే వెచ్చగా ఉంది, రంగు కూడా కాస్త ఎర్రబారి ఉంది. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి చూసి, బాలింతలకు నీరు చేరడం మామూలేనని చెప్పి నొప్పికి ఒక ఇంజెక్షన్ వేసి వెళ్లాడు. బాలింతలకు ఒళ్లు పట్టే ఆమెను పిలిపించి మర్నాడు ఆముదంతో గట్టిగా రుద్దిస్తే వాపు దిగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు నిర్ణయించారు.

ఆమె రాకముందే బిడ్డ బరువు చూడడానికి ఆశా కార్యకర్త వచ్చింది. కాన్పు జరిగిన ఇళ్లకు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి తల్లినీ బిడ్డనూ చూడడం వాళ్ల విధి. నేను కాలు ఈడ్చుకుంటూ నడవడం చూసి ఆమె రెండు కాళ్లూ చాపమంది. చీర మోకాళ్ల దాకా జరిపి రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూసింది. “రెండు కాళ్లకీ వాపొస్తే నీరనుకోవచ్చమ్మా. ఒక్క కాలికే వచ్చిందంటే ఈ పూటే పెద్దాసుపత్రిలో చూపించుకోవాల. రుద్దడం మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు” అంది. అవ్వ ఏదో చెప్పబోతే ఆమె వినయంగానే, కానీ గట్టిగా, “నాకు పాఠం చెప్పినారవ్వా, ఊరికే చెప్పడంలే” అని అక్కడే నిలబడి మా నాయన చేత కారు మాట్లాడించింది. లోపల గడ్డ ఉన్న కాలిని గట్టిగా మర్దన చేస్తే దాని ముక్క విడిపోయి రక్తంతో పాటు గుండె గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఇరుక్కునే ప్రమాదముందని ఆసుపత్రిలో చెప్పినప్పుడు ఆ కార్యకర్త నాకు ఎంత మేలు చేసిందో అర్థమైంది.

చంద్రగిరి మీదుగా తిరుపతి చేరేసరికి చీకటి పడింది. అత్యవసర విభాగంలోని డాక్టరమ్మ కాలి కంటే ముందు ఊపిరి గురించి అడిగింది. ఆయాసం ఉందా, గాలి లోపలికి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు ఉందా, దగ్గులో రక్తం పడిందా, కళ్లు తిరిగి పడిపోయావా అని ఒక్కొక్కటే అడిగి, వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసింది. ఆ తరవాత టేపు తీసుకుని మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన రెండు పిక్కల చుట్టుకొలతలూ కొలిచింది. రెండింటికీ తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానించాల్సిందేనట. నాకు అంతకంటే ఎక్కువే ఉంది. గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు పుట్టే డి-డైమర్ అనే పదార్థాన్ని కొలిచే రక్త పరీక్ష ఒకటుంది గానీ, గర్భిణుల్లోనూ బాలింతల్లోనూ అది ఎలాగూ పెరిగే ఉంటుంది కాబట్టి దాని మీద ఆధారపడలేమని, నేరుగా స్కానింగే చేయించాలని ఆమె చెప్పింది.

సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే ఆ డాప్లర్ స్కానింగు చేసిన డాక్టరు గారు తెరను నా వైపు తిప్పి చూపించారు. గజ్జ దగ్గర పక్కపక్కనే రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయి. ఒకటి గుండె నుంచి రక్తం తెచ్చే ధమని, రెండోది రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే సిర. ధమని గోడ మందంగా ఉంటుంది కాబట్టి పైనుంచి నొక్కినా గుండ్రంగానే ఉంటుంది. సిర గోడ పలచన కాబట్టి నొక్కగానే చదునై మూసుకుపోవాలి, వదిలితే తెరుచుకోవాలి. కుడి కాలి మీద యంత్రాన్ని నొక్కి వదిలిన ప్రతిసారీ ఆ సిర కన్ను మూసి తెరిచినట్టు మూసుకుని తెరుచుకుంది. ఎడమ కాలి మీద ఎంత నొక్కినా మూసుకోలేదు. దాని లోపల బూడిద రంగులో ఏదో నిండి ఉంది. మోకాలి వెనక నుంచి తొడ పైభాగం దాకా, అంటే ఫిమోరల్ సిర అంతటా, రక్తం గడ్డకట్టి ఉందని ఆయన చెప్పారు. కొలతల కంటే, కాగితం మీది రిపోర్టు కంటే, మూసుకోని ఆ గుండ్రమే నాకు జబ్బేమిటో తెలియజేసింది.

వార్డులో చేరాక, ఇలా ఎందుకు జరిగిందో పెద్ద డాక్టరమ్మ తీరిగ్గా కూర్చుని చెప్పింది. కాన్పు సమయంలో మాయ విడిపోయినప్పుడు రక్తం ధారగా పోకుండా ఆపడానికి ప్రకృతి ముందే ఏర్పాటు చేసుకుంటుంది. గర్భం పెరిగేకొద్దీ రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజన్ వంటి పదార్థాలు పెరుగుతాయి, గడ్డకట్టకుండా అడ్డుకునే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది, కట్టిన గడ్డను కరిగించే శక్తి కూడా మందగిస్తుంది. ఈ ఏర్పాటే తల్లిని రక్తస్రావం నుంచి కాపాడుతుంది. కాన్పు అయిన మర్నాడే అది తొలగిపోదు, మునుపటి స్థితికి రావడానికి వారాలు పడుతుంది. దీనికి తోడు కాన్పులోనో ఆపరేషన్‌లోనో కటి భాగంలోని సిరలకు దెబ్బ తగులుతుంది. ఆపైన కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తప్రవాహం నెమ్మదిస్తుంది. ప్రవాహం మందగించడం, సిర గోడకు దెబ్బ, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అనే ఈ మూడు కారణాలనూ జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పందొమ్మిదో శతాబ్దంలోనే చర్చించాడు. ఇప్పటికీ ఆ మూడింటినీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బాలింత ఒంట్లో ఆ మూడూ ఒకేసారి ఉంటాయి.

ఎడమ కాలికే ఎందుకు వచ్చిందని అడిగాను. ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర పొత్తికడుపులో కుడి కాలికి వెళ్లే ధమని కింది నుంచి, వెన్నెముకకు ఆనుకుని వెళ్తుంది. అందరిలోనూ అది అక్కడ కాస్త నొక్కుకుని ఉంటుంది. పెరిగిన గర్భసంచి ఆ ఒత్తిడిని మరింత పెంచుతుంది. అందుకే గర్భిణుల్లో, బాలింతల్లో ఈ గడ్డలు చాలామటుకు ఎడమ కాలిలోనే కనిపిస్తాయి. ఎడమ కాలు ఒక్కటే వాచిన బాలింతను చూసినప్పుడు వైద్యులు అంత అప్రమత్తం కావడానికి ఇదొక కారణం.

మొత్తం మీద చూస్తే వెయ్యి గర్భాలకు ఒకరిద్దరికి మాత్రమే ఈ జబ్బు వస్తుందని, కాబట్టి ప్రతి తల్లీ భయపడనవసరం లేదని కూడా ఆమె చెప్పింది. ఆ మాట నేనూ ఇక్కడ నొక్కి చెప్పదలిచాను. అలాగని ఆరు వారాలు నిండగానే అంతా అయిపోయిందనీ అనుకోకూడదు. 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో కాలిఫోర్నియాలో కాన్పయిన పదహారు లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించారు. పక్షవాతం, గుండెపోటు, సిరల్లో గడ్డలు అన్నీ కలిపి చూస్తే, ఏడాది తరవాత అదే కాలంతో పోల్చినప్పుడు కాన్పయిన మొదటి ఆరు వారాల్లో ముప్పు పది రెట్లకు పైగా, ఏడు నుంచి పన్నెండు వారాల మధ్య రెండు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది.

మా వార్డులోనే శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు తల్లి ఉండేది. కాన్పయ్యాక రోజుల తరబడి తలనొప్పి, వాంతులు. ఆ తరవాత ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందేమోనని మొదట దిష్టి తీయించారట. ఆమెకు గడ్డ కట్టింది కాలిలో కాదు, మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరల్లో. మన దేశంలో బాలింతల్లో ఈ రకం తరచుగానే చూస్తామని, రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గిపోవడం దీనికి దోహదం చేస్తాయని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు తరవాత తగ్గని కొత్త తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, ఒక చేయీ కాలూ లాగేసినట్టున్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఆమె కోలుకుని నడిచి ఇంటికి వెళ్లింది. ఆ ఎండల్లో ఆమెకు కూడా నీళ్లు కట్టడి చేశారని వాళ్లమ్మ చెప్పినప్పుడు మా అమ్మ నా వైపు చూసి మాట్లాడలేకపోయింది.

నాకు ఆ రాత్రే ఎనోక్సపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇది హెపారిన్ అనే మందులో ఒక రకం. ఉన్న గడ్డను ఇది కరిగించదు. గడ్డ ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది, కరిగించే పని శరీరమే నెమ్మదిగా చేసుకుంటుంది. మోతాదును ఒంటి బరువును బట్టి కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున లెక్కగట్టి రోజుకు రెండుసార్లు ఇచ్చారు. మందు ముందే నింపిన చిన్న సిరంజి అది. అందులో ఒక గాలి బుడగ ఉంటుంది. చూసి కంగారుపడి దాన్ని బయటికి తీసేయకూడదు, తీస్తే మందు కూడా కారిపోతుంది. ఆపరేషన్ కుట్లకు దూరంగా, పొట్ట పక్కన చర్మాన్ని బొటనవేలూ చూపుడువేలితో మడతగా పట్టుకుని, సూదిని నిలువుగా పూర్తిగా గుచ్చి, మందంతా వెళ్లేదాకా ఆ మడత వదలకూడదు. తీశాక ఆ చోటు రుద్దకూడదు, రుద్దితే కమిలిపోతుంది. నర్సమ్మ మా ఆయనకు ఇదంతా ఓపిగ్గా నేర్పించింది. మొదటిసారి ఆయన చెయ్యి వణికింది గానీ, ఇంటికి వెళ్లేనాటికి నర్సమ్మంత నేర్పుగా వేయగలిగాడు.

రక్తాన్ని పలచబరిచే మందు వాడుతూ పాలిస్తే బిడ్డకు ఏమవుతుందోనని నాకూ అమ్మకూ అన్నిటికంటే ఎక్కువ భయం ఉండేది. పాలు మాన్పించి డబ్బా పాలు పట్టాలని బంధువులు చెప్పసాగారు. డాక్టరమ్మ దీన్ని ససేమిరా ఒప్పుకోలేదు. హెపారిన్ అణువు పెద్దది కాబట్టి పాలలోకి చెప్పుకోదగినంతగా రాదు, వచ్చిన కాస్తా బిడ్డ పొట్టలో జీర్ణమైపోతుంది. ఆ తరవాత ఇచ్చే, గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మాత్ర రక్తంలోని ప్రొటీన్లను పట్టుకుని ఉంటుంది కాబట్టి అది కూడా పాలలోకి దాదాపు రాదు. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త రకం మాత్రలకు రక్త పరీక్షల అవసరం అంతగా ఉండదు గానీ, పాలిచ్చే తల్లులకు వాటిని సూచించరు. కాబట్టి మాత్రను ఎంచుకునేటప్పుడు పాలిస్తున్న సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. ఒకప్పుడు ఐరోపాలో బాలింత కాలు తెల్లగా ఉబ్బిపోతే తల్లి పాలు దారితప్పి కాలిలోకి దిగాయని నమ్మేవారట. పాలకూ ఈ జబ్బుకూ సంబంధం లేదన్న నమ్మకం నాకు కుదిరాక బిడ్డను నిశ్చింతగా ఒడిలోకి తీసుకోగలిగాను.

వార్ఫరిన్ మాత్ర మొదలుపెట్టినా ఇంజెక్షన్ ఆపలేదు. రక్తంలో అప్పటికే ఉన్న గడ్డకట్టించే పదార్థాలు ఖర్చయ్యేదాకా మాత్ర ప్రభావం కనిపించదు. పైగా మొదటి రోజుల్లో గడ్డకట్టకుండా కాపాడే ప్రొటీన్ సి ముందుగా తగ్గిపోతుంది కాబట్టి, ఇంజెక్షన్ అండ లేకపోతే ప్రమాదమే. కనీసం ఐదు రోజులు రెండూ కలిపి వాడి, ఐఎన్‌ఆర్ అనే పరీక్షలో అంకె 2 దాటి ఒక రోజైనా నిలిచాకే ఇంజెక్షన్ ఆపారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే అంకె అది. మందు వాడని ఆరోగ్యవంతుల్లో సుమారు 1 ఉంటుంది. నాకు 2కీ 3కీ మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే గడ్డకట్టే భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మాత్రను రోజూ రాత్రి ఒకే వేళకు వేసుకోవాలి. అంకెను బట్టి మోతాదు మారుతుంటుంది కాబట్టి ఏ రోజు ఎన్ని మిల్లీగ్రాములో ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. పాలు పడాలని అమ్మ రోజూ మునగాకు వేపుడు పెట్టడం మొదలుపెట్టగానే అంకె 2 కిందికి దిగింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె వార్ఫరిన్ పనికి ఎదురు నడుస్తుంది. ఆకుకూరలు మానేయమని డాక్టరమ్మ చెప్పలేదు, రక్తహీనత ఉన్న బాలింతకు అవి కావాలి. ఒక వారం మానేసి ఇంకో వారం గిన్నెడు తినడం కాకుండా ఎప్పుడూ ఒకే కొలతలో తినమంది. ఇంకోసారి రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం వస్తే యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. అప్పుడు అంకె 3 దాటిపోయి, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారింది. కొత్త మందు ఏది మొదలుపెట్టినా త్వరగా ఐఎన్‌ఆర్ చూపించాలని అప్పుడు నేర్చుకున్నాం. నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ తప్ప ఇంకేదీ అడగకుండా వేసుకోవద్దన్నారు. ఏయే దినుసులు పడ్డాయో తెలియని కాయం, కషాయాలు పూర్తిగా ఆపించారు. మా అవ్వకు అది చాలా కష్టమనిపించింది. కానీ వెల్లుల్లి కారాన్ని, మిరియాల చారును మామూలు వంట కొలతలో తినొచ్చని చెప్పాక ఊరట పొందింది.

నీళ్ల గురించి, నడక గురించి మా అవ్వతో డాక్టరమ్మే నేరుగా మాట్లాడింది. అవ్వ పెంచిన తీరును ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. “కుట్లకూ నీళ్లకూ సంబంధం లేదవ్వా, నీళ్లు తక్కువైతే రక్తం చిక్కబడుతుంది, పాలూ తగ్గుతాయి” అని చెప్పి, కాచిన గోరువెచ్చని నీళ్లయినా సరే దాహం తీరా ఇవ్వమంది. సిజేరియన్ అయినా మర్నాటికల్లా మెల్లగా నడిపించడం మంచిదని, పడుకున్నప్పుడు కూడా పాదాలను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే పిక్క కండరం రక్తాన్ని పైకి నెడుతుందని చూపించింది. గడ్డ ఉన్న కాలితో నడవడం ప్రమాదమేమోనని నేను భయపడ్డాను గానీ, మందు మొదలై నొప్పి కాస్త తగ్గాక నడవమనే చెప్పారు. బిగుతు మేజోడు వేసుకుని పెరట్లో పొద్దున, సాయంత్రం నడిచేదాన్ని. ఇప్పుడు మా వీధిలో ఎవరు కాన్పై వచ్చినా చెంబుతో నీళ్లు తీసుకెళ్లి పక్కన పెట్టేది మా అవ్వే.

మూడు నెలలు నిండాక మళ్లీ స్కానింగు చేశారు. గడ్డ చాలావరకు కరిగిపోయి సిర తెరుచుకుంది, ఒకచోట గోడ మాత్రం కాస్త మందంగా మిగిలింది. ఆపరేషన్, కాన్పు వంటి తాత్కాలిక కారణంతో వచ్చిన గడ్డ కాబట్టి ఆ తరవాత మాత్ర ఆపేశారు. మా మేనత్తకు ఎన్నో ఏళ్ల కిందట కాన్పు తరవాత వాచిన కాలు ఈనాటికీ పూర్తిగా దిగలేదన్న సంగతి, డాక్టరమ్మ కుటుంబ చరిత్ర అడిగినప్పుడు నాయన చెప్పాడు. అందువల్ల వంశపారంపర్యంగా వచ్చే లోపాల కోసం కొన్ని పరీక్షలు చేశారు. అవి కూడా వెంటనే చేయలేదు. బాలింతల్లో ప్రొటీన్ ఎస్ సహజంగానే తక్కువ, వార్ఫరిన్ వాడుతున్నప్పుడు ప్రొటీన్ సి, ఎస్ రెండూ తక్కువ చూపిస్తాయి కాబట్టి, మాత్ర ఆపి కొన్ని వారాలు గడిచాక చేస్తేనే ఫలితాన్ని నమ్మగలమన్నారు. నా పరీక్షలు మామూలుగానే వచ్చాయి.

ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది. బ్రిటన్‌లో ప్రతి గర్భిణికీ, కాన్పయ్యాక ప్రతి తల్లికీ వయసు, బరువు, ఆపరేషన్, రక్తస్రావం, పాత గడ్డలు, కుటుంబ చరిత్ర వంటివాటికి మార్కులు వేసి, ఒక హద్దు దాటితే పది రోజులో ఆరు వారాలో ముందుజాగ్రత్త ఇంజెక్షన్లు ఇవ్వమని అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంత శ్రద్ధ పెట్టే దేశంలో కూడా తల్లుల మరణాలకు ఈ గడ్డలే ముఖ్య కారణంగా ఇటీవలి నివేదికల్లో కనిపిస్తున్నాయంటే దీన్ని ఎంత జాగ్రత్తగా చూడాలో తెలుస్తుంది. మన దగ్గర కూడా ఇలా లెక్కవేసి ఇంజెక్షన్ రాసే వైద్యులు ఉన్నారు. కానీ అది ఒక్కో వైద్యుడి శ్రద్ధ మీద ఆధారపడకూడదని నా అభిప్రాయం. డిశ్చార్జి కాగితం మీద కుట్ల తేదీ పక్కనే ‘ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా, తగ్గని తలనొప్పి ఉన్నా వెంటనే రండి’ అని తెలుగులో రెండు వరుసలు అచ్చువేయడానికి పెద్దగా ఖర్చేమీ కాదు. ఆయాసమో, స్పృహ తప్పడమో ఉంటే కారు కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయాలని కూడా అందులో ఉండాలి.

నా చెల్లెలు ఇప్పుడు గర్భవతి. చిత్తూరులో ఆమెను చూస్తున్న డాక్టరమ్మకు నా జబ్బు సంగతి మొదటిసారే చెప్పించాను. అక్కకు గడ్డకట్టిన చరిత్ర ఉందని ఆమె కేసు కాగితం పైభాగంలో ఎర్ర సిరాతో రాసుకుంది, కాన్పు తరవాత మార్కులు లెక్కవేసి అవసరమైతే ఇంజెక్షన్లు ఇస్తానని చెప్పింది. నాకు మాత్రం ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇక ఎప్పటికీ పనికిరావు, అవి మళ్లీ గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. కాపర్-టీ వేయించుకున్నాను. ఎక్కువసేపు నిలబడి పాఠం చెప్పిన రోజు సాయంత్రానికి ఎడమ కాలు కాస్త బరువెక్కుతుంది, మేజోడు వేసుకుంటే సర్దుకుంటుంది. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే గర్భం నిర్ధారణ కాగానే ముందుజాగ్రత్త మోతాదులో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి గర్భంతో ఉన్నంతకాలం అది వద్దు. వెన్నులో మత్తు ఇవ్వడానికి కనీసం పన్నెండు గంటల ముందు ఇంజెక్షన్ ఆపి, కాన్పయ్యాక మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలు కొనసాగించాలి. ఇదంతా డాక్టరమ్మ ఒక ఉత్తరంగా రాసి సంతకం చేసి ఇచ్చింది. ఒక ప్రతి నా దగ్గర, ఒక ప్రతి మా ఆయన దగ్గర, ఇంకొకటి ఆ ఆశా కార్యకర్త దగ్గర ఉన్నాయి.